కోడిగుడ్డంత పొట్టతో కీసర దాకా

దసరా సెలవుల్లో హైదరాబాద్ వెళ్లొచ్చానని చెప్పగానే మా స్టాఫ్‌రూమ్‌లో అందరూ బిర్యానీ గురించే అడిగారు. నేను చార్మినార్ చూడలేదు, గోల్కొండ ఎక్కలేదు. బిర్యానీ వాసన మాత్రం చూశాను. నగరానికి ఉత్తరాన ఉన్న మేడ్చల్, శామీర్‌పేట, కీసర తిరిగి వచ్చేశాను. పనిగట్టుకుని ఆ వైపు సెలవులకు వెళ్లేవాళ్లు తక్కువ. నేను వెళ్లింది సబిత కోసం.

నాది అమలాపురం. బాలికల హైస్కూల్లో హిందీ చెబుతాను. ఆరేళ్ల క్రితం సికింద్రాబాద్‌లోని ఒక ఆసుపత్రిలో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాను. పొట్టలో కోడిగుడ్డంత సంచి మిగిల్చి, దాన్ని నేరుగా పేగుకు కలిపారు. పక్క మంచం మీద అదే ఆపరేషన్ చేయించుకుని పడుకున్న మనిషి సబిత. మేడ్చల్ కోడలు, నాకన్నా చిన్నది. సెలైన్ స్టాండ్లు తోసుకుంటూ వార్డు వరండాలో ఇద్దరం కలిసి నడిచేవాళ్లం. ఆమె "అక్కా" అంది. ఆ పిలుపు అలాగే ఉండిపోయింది.

మొదట్లో ఇద్దరం బాగా తగ్గాం. తర్వాత దారులు వేరయ్యాయి. నేను తగ్గినదాంట్లో సగం మళ్లీ పెరిగాను. ఆమె తగ్గుతూనే ఉంది. మా ఊళ్లో నన్ను చూసి "అన్ని లక్షలు పోసి కోయించుకుని కూడా ఇంతేనా" అనుకుంటారు. సబిత ఫోటో పెడితే మాత్రం చప్పట్లే. ఈ ఏడాది ఆమె వీడియో కాల్స్ మానేసింది. మాట కూడా నీరసంగా వినిపించేది. ఒకరోజు మాట్లాడుతుండగా ఫోన్ కిందపడిన చప్పుడైంది. మళ్లీ తీసి, "చేతులు తిమ్మిరెక్కుతయక్కా, ఏం లేదు" అంది. ఆ సాయంత్రమే టికెట్ తీయించాను.

అల్వాల్ మీదుగా

సికింద్రాబాద్‌లో దిగి మేడ్చల్ వెళ్లే లోకల్ రైలెక్కాను. నా ప్రయాణంలో బట్టల సంచి కంటే తిండి సంచి ముఖ్యం. ఉడికించిన గుడ్లు, గట్టి పెరుగు, ఉడికించిన సెనగలు, మందుబిళ్లల డబ్బా. మూడు పూటల భోజనం నా పొట్టలో పట్టదు. కొంచెం కొంచెంగా రోజంతా తినాలి, ప్రతి ముద్దా పిండి అయ్యేదాకా నమలాలి, తింటూ నీళ్లు తాగకూడదు. తొందరపడితే గుండెల మీద రాయి పెట్టినట్టు పట్టేస్తుంది, లేదా బయటికొచ్చేస్తుంది.

ఎదురుగా కూర్చున్నావిడ ఒళ్లో బైబిల్ సంచి పెట్టుకుని నన్నే చూస్తోంది. అల్వాల్‌లో చెల్లెలింటికి వెళ్తోందట. నేను సగం గుడ్డు తినడం పూర్తయ్యేసరికి రెండు స్టేషన్లు దాటాం.

"ఉపాసమా అమ్మా? గింత మెల్లగ తింటున్నవ్?" అంది.

ఉన్నదున్నట్టు చెప్పాను. ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసింది. "ఆపరేషన్ అయినంక గూడ గింత లావేంది మరి?"

మా కోనసీమలో ఈ మాట నా ఎదుట ఎవరూ అనరు. "బాగున్నారా అండీ" అని పలకరించి, వీధి మలుపు తిరిగాక అంటారు. ముఖం మీద అడిగితే జవాబు చెప్పుకునే వీలైనా ఉంటుందని ఆ రైల్లోనే నాకు తెలిసింది.

"ముందు మీరు నన్ను చూడలేదు. చూసుంటే ఈ సీట్లో మీకు చోటుండేది కాదు" అన్నాను.

ఆవిడ పగలబడి నవ్వింది. "నాకు షుగరున్నది. రొట్టె తినమంటరు, నాకేమో అన్నం లేకుంటే పానం నిమ్మళముండదు. నువ్వన్న నయం, జిద్దు మీదున్నవ్, పట్టు ఇడుస్తలెవ్వు" అంది. దిగేముందు నా భుజం మీద చెయ్యివేసి, నా కోసం ప్రార్థన చేస్తానంది. చెయ్యమన్నాను. కావాలంటే సబిత పేరు కూడా చేర్చమన్నాను.

మేడ్చల్: విప్పి వదిలేసిన నల్లా

స్టేషన్‌కు సబిత భర్త రాఘవ కారు తెచ్చాడు. వాళ్లది భూములున్న కుటుంబం. దారి పొడవునా చెయ్యి చూపిస్తూ, "గిదంత మన ద్రాక్షతోట ఉండె వదినా. ఇగో, గిప్పుడు ప్లాట్లు" అంటూ వచ్చాడు. తీగలు పాకిన రాతి స్తంభాలు ఒక మూల ఇంకా నిలబడి ఉన్నాయి. మిగతాదంతా సున్నం కొట్టిన హద్దురాళ్లు. మా వైపు కొబ్బరితోట అమ్ముకుంటే చావు కబురులా చెప్పుకుంటారు. ఇక్కడ రాఘవ గొంతులో బాధా ఉంది, గర్వమూ ఉంది. ఏది ఎక్కువో తేల్చలేకపోయాను.

సబిత గుమ్మంలోకి వచ్చింది. ఒక క్షణం పోల్చుకోలేకపోయాను. గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. బుగ్గలు లోపలికి పోయి కళ్లు పెద్దవయ్యాయి. నడిచేటప్పుడు గోడ మీద వేళ్లు ఆనించుకుంటోంది.

"వచ్చినవా అక్కా! ఎన్నొద్దులైంది నిన్ను చూసి!" అని కౌగిలించుకుంది. నా చేతుల్లో ఆమె వీపు ఎముకలు తగిలాయి.

"ఎట్లున్నది మా సబిత? మా ఖాందాన్ల గిట్ల సన్నగైనోళ్లు లేరు" అన్నాడు రాఘవ మురిసిపోతూ.

వాళ్ల అత్తగారు కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు చేసింది. డెబ్బై దాటిన మనిషి. పిండిని రెండు అరచేతుల మధ్య తడుతూ పళ్లెమంత చేసేసింది. దానికి ఎర్రకారం, వంకాయ కూర. మా ఇళ్లలో జొన్నరొట్టె షుగర్ వచ్చినవాళ్లకు మందులా పెడతారు. ఇక్కడ అది ఇష్టంగా తినే తిండి. నేను అరచేతిలో పట్టేంత ముక్క తీసుకున్నాను. సబిత మాత్రం నిండు రొట్టె వడ్డించుకుంది, గబగబా తినేసింది, నీళ్లు కూడా తాగింది. మా పొట్టలతో అలా తినడం కుదరదు.

కాసేపటికి ఆమె లేచి వెళ్లింది. లోపల నల్లా, అదే మా కొళాయి, పూర్తిగా విప్పిన చప్పుడు. చాలాసేపు పారుతూనే ఉంది.

పెద్దావిడ పొయ్యి దగ్గర్నుంచి తలెత్తకుండానే అంది: "రోజు గంతే బిడ్డా. చప్పుడు వినబడొద్దని నల్లా ఇప్పుతది. నాకు చెవుల్లేవనుకుంటది. అడిగితే ఏం లేదత్తమ్మా అంటది. నా కొడుకేమో పెండ్లాం సన్నగైందని సంబురపడుతుండు. నువ్వు జెర సమజ్ చెయ్యి దానికి."

శామీర్‌పేట దారిలో సీతాఫలాలు

మర్నాడు శామీర్‌పేటలో దావత్ ఉందన్నారు. రాఘవ మేనమామ కొడుకు కొత్తగా భూమి రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడట. మా వైపు భూమి కొంటే గుళ్లో కొబ్బరికాయ కొడతారు. ఇక్కడ వేటను కోస్తారు.

దారిలో రోడ్డు పక్కన ఆడవాళ్లు సీతాఫలాల గంపలు పెట్టుకుని వరుసగా కూర్చున్నారు. కారు ఆపించాను. తట్ట నూటయాభై అంది లక్ష్మమ్మ అనే ఆవిడ. నేను బేరం మొదలుపెట్టకముందే ఒక పండు విప్పి నా చేతిలో పెట్టింది. కళ్లు విచ్చుకుని, వెన్నలా మెత్తగా ఉంది. ఆపరేషన్ తర్వాత సీతాఫలం నోట పెట్టలేదు. రెండు గింజల గుజ్జు తిని ఆపుదామనుకున్నాను. సగం పండు అయిపోయాక గానీ నా మీద నాకు అధికారం రాలేదు.

మాలాంటివాళ్లకు తీపి పొట్టలో ఆగదు. ఒక్కసారిగా పేగులోకి జారిపోతుంది. గుండె దడదడలాడింది, చీర వీపుకు అంటుకుపోయేలా చెమటలు పట్టాయి, కడుపులో మెలి. అక్కడే ఒక బండరాయి మీద కూలబడ్డాను.

లక్ష్మమ్మ పరుగున వచ్చింది. "ఏమైందమ్మా? సక్కరొస్తాందా?"

"షుగర్ లేదమ్మా నాకు" అన్నాను.

"షుగర్ గాదు, సక్కర్! తల తిరుగుతాందా అని!"

ఇన్నేళ్లుగా హిందీ పాఠాలు చెబుతున్న నాకు 'చక్కర్' తెలియలేదు! ఆ అవస్థలోనూ నవ్వొచ్చింది. ఆమె కొంగుతో విసురుతూ, పక్కనున్నవాళ్లను పక్కకు జరగమని గాలి తగిలేలా చేసింది. సబిత కారులోంచి దిగి నా చెయ్యి పట్టుకుంది. పట్టుకున్న చేతికి బలం లేదు, కానీ ఏం చెయ్యాలో ఆమెకు తెలుసు. నన్ను ఒక పక్కకు ఒరిగించి పడుకోబెట్టింది, దడ తగ్గాక పెరుగు డబ్బా తీసి చెంచాతో కొంచెం కొంచెం తినిపించింది. "లేకుంటే జెరసేపటికి షుగర్ పడిపోతది నీకు" అంది.

"ఇవన్నీ తెలిసినదానివి నీ సంగతేంటి మరి?" అన్నాను.

ఆమె చెంచా నా నోట్లో పెట్టింది. మాట్లాడనీయకుండా.

చెరువు దగ్గర దావత్

శామీర్‌పేట చెరువు నిండుగా ఉంది. గాలికి నీళ్లు ముడతలు పడుతున్నాయి. దగ్గర్లోనే మామిడితోటలో షామియానా వేశారు. బగారన్నం, మటన్, తలకాయ కూర, బోటి. బోటి అంటే మేక పేగుల కూర అని సబిత చెప్పింది. పేగులు కోసి కుట్టించుకున్న ఇద్దరు ఆడవాళ్ల ముందు పేగుల కూర! ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకుని ఆపుకోలేక నవ్వాం. ఆ రోజు ఆమె మనస్ఫూర్తిగా నవ్వింది అప్పుడే.

వడ్డించేవాళ్లు నా చిన్న గిన్నె చూసి ఊరుకోలేదు. "గింతేనా? మా బోటి మంచిగ లేదా?" మా వైపైతే "మా మీద ఒట్టండీ, ఇంకొక్క ముద్ద" అని బతిమాలతారు. ఇక్కడ నిలదీస్తారు. రెండూ ఒకటే. తినకపోతే ప్రేమ లేదనుకుంటారు. నేను ఇప్పుడు సిగ్గుపడడం మానేశాను. "నా పొట్ట కోసి చిన్నది చేశారు బాబూ. ఇది చాలు, చాలా బాగుంది" అన్నాను. అతను ఒక క్షణం బిత్తరపోయి, మెత్తగా ఉడికిన ముక్కలు రెండు ఏరి నా గిన్నెలో వేసి వెళ్లాడు.

సబిత ఆ మాట చెప్పదు. నిండు విస్తరి తీసుకుంది. చుట్టాలు "మస్తు స్లిమ్ అయినవ్ పిల్లా, మాకు గూడ చెప్పరాదు" అంటుంటే నవ్వుతూ తింది. తర్వాత కనిపించలేదు. బోరు మోటరు గది వెనక దొరికింది, గోడ పట్టుకుని వంగి, కళ్లల్లో నీళ్లతో.

నోరు కడిగించి పక్కన కూర్చోబెట్టాను. "ఎన్నాళ్లుగా ఇలా?"

"మస్తు రోజులైంది. తొల్త ఎప్పుడో ఒకపారి. గిప్పుడు రోజు."

"డాక్టర్‌ దగ్గరికి వెళ్లావా? మందులు వేసుకుంటున్నావా?"

"గోలీలు మింగితే ఆగుతలెవ్వు. బంద్ జేసిన. డాక్టర్ తానకు పోతే మళ్ల కడుపు కోస్తరక్కా. భయమైతాంది."

"అంతేనా?"

ఆమె చీర కుచ్చిళ్లు సర్దుకుంది. తర్వాత నా వైపు చూడకుండా అంది: "కక్కుడు ఆగితే లావైత గదా. నీ లెక్క అయితనని భయం."

ఆ మాట నన్ను కోసింది. లేచి వెళ్లిపోవాలనిపించింది. మా ఊరి ఆడవాళ్లు వెనక అన్న మాటలన్నీ కలిపినా ఇంత నొప్పి లేదు. ఆమె ఏడుస్తోందని తెలిసి కూడా వెంటనే ఓదార్చలేదు.

చివరికి అన్నాను: "నాలాగే అవ్వు. నేను మెట్లు ఎక్కుతాను. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నిలబడి పాఠం చెబుతాను. రాత్రి పడుకుంటే నిద్ర పడుతుంది. నువ్వు ఫోన్ పట్టుకోలేకపోతున్నావు సబితా. నిన్ను ఆసుపత్రికి తీసుకెళ్లకుండా నేను రైలెక్కను. ఉద్యోగం పోయినా సరే."

"ఆయనకు జెప్పకక్కా. గంత మురిసిపోతుండు" అంది.

కీసర గుట్ట మీద

మూడోరోజు కీసర గుట్టకు వెళ్దామని రాఘవ ముందే అనుకున్నాడు. అత్తగారిని కూడా ఎక్కించుకుని బయల్దేరాం. అక్కడ నన్ను నిలబెట్టేసిన సంగతి ఒకటుంది. మా వైపు శివలింగం గర్భగుడిలో, పూజారి చేతుల మీదుగానే పూజలందుకుంటుంది. ఇక్కడ గుడి బయట, ఎండలో, రాళ్ల మధ్య ఎటు చూసినా లింగాలే. ఎవరికి వారే వెళ్లి నూనె పోసి, పసుపు రాసి, దండం పెట్టుకుంటున్నారు. కోతులు వాటి మీదే కూర్చుని కొబ్బరి చిప్పలు గీక్కుంటున్నాయి. నా సెనగల డబ్బా ఒక కోతి ఎత్తుకుపోయింది. ఆ పూట నా తిండి అంతే సంగతులు.

దర్శనమయ్యాక చెప్పులు వేసుకుని, కింద పొలాలూ కొత్త వెంచర్లూ కనిపించే వైపు రాళ్ల బాటలో నడిచాం. సబిత ముందు, నేను వెనక. అడుగులు వెడల్పుగా పెడుతూ, కళ్లు నేల మీదే ఉంచి నడుస్తోంది. బాట మధ్యలో ఒక ఆడ చెప్పు పడి ఉంది. వంగి తీశాను. సబితది. తలెత్తి చూస్తే ఆమె ఒక కాలికి చెప్పుతో, ఒక కాలికి లేకుండా, ఏమీ జరగనట్టే నడిచి పోతోంది. ఎండకు కాలిన రాయి. నేనైతే చెప్పుల్లేకుండా నిలబడలేను.

"సబితా! నీ చెప్పు!"

ఆగింది. కాళ్ల వైపు చూసుకుంది. అప్పటిదాకా ఆమెకు తెలియదు.

రాఘవ నవ్వుతూ వచ్చి, "గింత పరాకేంది" అంటూ ఆమెను రాయి మీద కూర్చోబెట్టి పాదం ఎత్తి చూశాడు. నవ్వు ఆగిపోయింది. మడమలో తుమ్మముల్లు సగం దాకా దిగి ఉంది. నెత్తురు కారుతోంది. అతను దాన్ని పట్టి లాగాడు. ఆమె ముఖంలో కదలిక లేదు.

"నొస్తలేదా?"

"తెలుస్తలేదు" అంది సబిత. ఆ మాట చెప్పడం అదే మొదటిసారి కాబోలు, తన గొంతుకు తానే ఉలిక్కిపడింది.

నేనిక ఆగలేదు. తిన్నది తిన్నట్టు బయటికొచ్చేయడం, మందులు మానేయడం, చేతుల తిమ్మిర్లు, అన్నీ చెప్పాను. "సన్నబడడం కాదండీ ఇది. ఒంట్లో నరాలకు తిండి లేదు" అన్నాను.

రాఘవ ముల్లును వేళ్ల మధ్య పట్టుకునే ఉన్నాడు. "నాకెందుకు జెప్పలే?" అన్నాడు మెల్లగా.

"నువ్వు అందరికి చూపెడుతుంటివి. ఎట్ల జెప్పాలె?"

అత్తగారే తేల్చేసింది. "ముచ్చట్లు బండ్ల మాట్లాడుకోండ్రి. నడువు రాఘవా, జల్దీ బండి తియ్యి. నా కోడలికి కాలు తెలుస్తలేదంటే నిలబడి చూస్తున్నవ్."

రాఘవ భార్యను చేతుల మీద ఎత్తుకున్నాడు. ఆపరేషన్‌కు ముందైతే అలా ఎత్తలేడు. ఎంత తేలికగా ఎత్తగలిగాడో అతనికీ అప్పుడే అర్థమైనట్టుంది. కారు దాకా ఏడుస్తూనే నడిచాడు.

సికింద్రాబాద్: పాత వార్డు

ఆపరేషన్ చేసిన డాక్టర్‌గారే ఉన్నారు. తూకం మిషన్ దగ్గర కొత్త నర్సమ్మ సబిత బరువు చూసి "సూపర్ మేడం" అంది. డాక్టర్‌గారు అనలేదు. సబిత పాదాల మీద దూది రాసి, సూదిమొనతో తాకి, ఎక్కడ తెలుస్తోందో అడుగుతూ పైకి వచ్చారు. చీలమండ దాటేదాకా ఏమీ తెలియలేదు. విటమిన్లు అడుగంటాయని, వెంటనే సెలైన్లో ఎక్కించాలని చెప్పారు. మర్నాడు గొట్టం వేసి చూస్తే, పొట్టను పేగుతో కలిపిన చోట దారి పెన్సిలంత సన్నబడిపోయి ఉంది. కోయలేదు. గొట్టంలోంచే చిన్న బెలూన్ పంపి వెడల్పు చేశారు. ఇన్నాళ్లు భయపడిన కోత లేనేలేదు.

"కాళ్లకు స్పర్శ మళ్లొస్తదా డాక్టర్?" అని రాఘవ అడిగాడు.

"కొంత రావాలి. పూర్తిగా అని మాటివ్వలేను. ఇంకా ఆలస్యం చేసుంటే ఇది కూడా చెప్పలేకపోయేవాణ్ని."

ఎలాగూ వచ్చాను కదా అని నన్నూ తూకమెక్కించారు. కళ్లు మూసుకోలేదు ఈసారి. నా రక్త పరీక్షలు చూసి, "సత్యవతిగారూ, మందులు వదల్లేదు మీరు. బరువు సంగతి మళ్లీ మొదలుపెడదాం, తొందరేం లేదు" అన్నారు. మళ్లీ మొదలుపెట్టడం నాకు కొత్త కాదు. సరేనన్నాను.

సబిత సెలైన్ స్టాండు తోసుకుంటూ వరండాలో రెండు అడుగులు వేసింది. నేను పక్కనే నడిచాను. "నీ లెక్క అయిత అన్నందుకు కోపమొచ్చిందా అక్కా?" అంది.

"వచ్చింది. ఇంకా కొంచెం ఉంది."

"ఉండనియ్యి. నేను తిన్నది కడుపుల ఉండనీ, తర్వాత నీ కోపం తీరుస్త."

అమలాపురం వచ్చాక

సెలవులు అయిపోయి బడి తెరిచాక కూడా రోజూ ఫోన్ చేస్తున్నాను. ఇప్పుడు వీడియోలోనే. బెలూన్ మరోసారి వేశారు. మెత్తటి పప్పు, గుడ్డు, పెరుగు నిలుస్తున్నాయి. సూదిమందులు పడుతున్నాయి. కొంచెం ఒళ్లు వచ్చింది. ఒక పెళ్లిలో ఎవరో "మళ్ల లావైతున్నవేంది" అన్నారట. అత్తగారు వాళ్ల మీద లేచిందట. రాఘవ ఇప్పుడు బంధువుల ఇళ్లకు వెళ్తే, వడ్డన మొదలవకముందే ఆమెకు ఎంత పెట్టాలో చెబుతున్నాడట. నేనూ సాయంత్రాలు కాలవగట్టు వెంట నడుస్తున్నాను. తూకం కొద్దిగా కదిలింది, మళ్లీ ఆగింది. నేను ఆగలేదు.

నిన్న మూడో పీరియడ్‌లో ఫోన్ మోగింది. సబిత ఆ వేళప్పుడు చెయ్యదు. పిల్లలకు పద్యం చదువుకోమని చెప్పి వరండాలోకి పరిగెత్తాను.

అవతల ఏడుపు.

"ఏమైంది సబితా? ఏమైందే?"

"చీమక్కా! చీమ కుట్టింది నాకు, కాలికి! ఎడమకాలి బొటనవేలికి!" ఏడుస్తూనే నవ్వుతోంది. "మస్తు నొస్తాందక్కా!"